బిడ్డను పోగొట్టుకున్న తండ్రి: బయటికి కనిపించని దుఃఖం తీరుతెన్నులు

బిడ్డ చనిపోయిన ఇంట్లో తండ్రికి మొదటి గంట నుంచే పనులు మొదలవుతాయి. ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు పెట్టాలి, బంధువులకు కబురు చెప్పాలి, ప్రమాదం జరిగి ఉంటే పోలీసుల ప్రశ్నలకు జవాబివ్వాలి, అంత్యక్రియలు ఎప్పుడో ఎక్కడో తేల్చాలి. పరామర్శకు వచ్చినవాళ్లు ఆయన భుజం మీద చెయ్యి వేసి అడిగే మొదటి మాట చాలాసార్లు "ఆమె ఎలా ఉంది?" అన్నదే. ఆ వెంటనే "నువ్వు ధైర్యంగా ఉండాలి, నువ్వే ఇలా అయిపోతే ఆమెను ఎవరు చూసుకుంటారు?" అంటారు. ఈ మాటలు అనేవాళ్లలో దురుద్దేశం ఏమీ ఉండదు. అయినా ఒకే బిడ్డను పోగొట్టుకున్న ఇద్దరిలో ఒకరిని దుఃఖించే మనిషిగా, రెండోవారిని ఆ దుఃఖానికి కాపలా ఉండే మనిషిగా అవి విడదీస్తాయి. చాలా కుటుంబాల్లో ఈ విభజన ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. కొన్నాళ్లకు తండ్రి కూడా తన పాత్ర ఇంతేనని నమ్మడం మొదలుపెడతాడు.

తండ్రి శోకం తల్లి శోకం కంటే చిన్నదన్న అభిప్రాయానికి పరిశోధనలు కూడా పైకి మద్దతు ఇస్తున్నట్లే కనిపిస్తాయి. ఇద్దరికీ ఒకే ప్రశ్నాపత్రం ఇచ్చిన అధ్యయనాల్లో సాధారణంగా తల్లులే ఎక్కువ తీవ్రతను చెబుతారు. అయితే ఆ పత్రాలు ఎక్కువగా ఏడుపు గురించి, తలపోత గురించి, నిస్పృహ గురించి అడుగుతాయి. చీటికిమాటికి కోపం రావడం, రాత్రి పొద్దుపోయేదాకా పనిలో మునిగిపోవడం, మాట తగ్గిపోవడం, మద్యం పెరగడం వంటివి వాటికి అంతగా చిక్కవు. టెర్రీ మార్టిన్, కెన్నెత్ డోకా అనే ఇద్దరు పరిశోధకులు దుఃఖించే తీరుల్లో రెండు కొసలను గుర్తించారు. ఒక కొసన ఉన్నవారు దుఃఖాన్ని ప్రధానంగా భావోద్వేగంగా అనుభవించి, దాన్ని బయటికి చెప్పుకోవడం ద్వారా తేలికపడతారు. రెండో కొసన ఉన్నవారిలో అదే దుఃఖం ఆలోచనగా, శరీరంలో నిలవని శక్తిగా, ఏదో ఒకటి చేయాలన్న ఆరాటంగా వ్యక్తమవుతుంది. మగవాళ్లలో రెండో తీరు ఎక్కువగా కనిపిస్తుందని, కానీ అది మగవాళ్లకే పరిమితం కాదని, చాలామందిలో రెండూ కలిసే ఉంటాయని వారు స్పష్టంగానే చెప్పారు. బిడ్డ పేరున ఒక చెట్టు నాటి రోజూ దానికి నీళ్లు పోసే తండ్రి, బిడ్డ సైకిలును విప్పి, తుడిచి, నూనె వేసి మళ్లీ బిగించే తండ్రి దుఃఖానికి దూరంగా పారిపోతున్నారని ఎవరూ తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఆ చేతిపనే వారి విలాపం కావచ్చు.

ఇక్కడ రెండు పాత భావనల చిక్కు విప్పుకోవాలి, ఎందుకంటే తండ్రులు తమను తాము వాటితోనే కొలుచుకుంటారు. మొదటిది, దుఃఖాన్ని ఎప్పటికో ఒకప్పటికి పూర్తి చేసి బయటపడాలన్న భావన. 1917లో ప్రచురించిన ఒక వ్యాసంలో మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్, పోయినవారి మీద పెట్టుకున్న మమకారాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకోవడమే శోకం చేసే పని అని వివరించారు. ఆ తరువాత 1920 జనవరిలో ఆయన కుమార్తె సోఫీ ఇన్‌ఫ్లుయెంజాతో మరణించింది. 1923లో ఆమె చిన్నకొడుకు, నాలుగేళ్ల పసివాడు, క్షయతో పోయాడు. 1929 ఏప్రిల్‌లో, సోఫీ బతికి ఉంటే ముప్పై ఆరేళ్లు నిండే రోజున, కొడుకును పోగొట్టుకున్న మిత్రుడు లుడ్విగ్ బిన్స్‌వాంగర్‌కు ఫ్రాయిడ్ ఒక ఉత్తరం రాశారు. తీవ్రమైన శోకం ఏదో ఒకనాటికి తగ్గుతుందనీ, అయినా మనకు ఓదార్పు దొరకదనీ, ఆ ఖాళీలోకి ఏది వచ్చినా అది వేరేదే అవుతుందనీ, అలా ఉండడమే సరైనదనీ, వదులుకోవడానికి ఇష్టంలేని ఆ ప్రేమను నిలుపుకోవడానికి అదొక్కటే దారి అనీ దాని సారాంశం. సిద్ధాంతకర్తగా ఒక మాట చెప్పిన మనిషి తండ్రిగా మరో మాట చెప్పారు. బిడ్డను కోల్పోయినవారి విషయంలో రెండో మాటే నిజానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

రెండో భావన ఐదు దశలది: నిరాకరణ, కోపం, బేరమాడుకోవడం, కుంగుబాటు, అంగీకారం. మనోవైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో వీటిని ప్రతిపాదించినప్పుడు ఆమె మాట్లాడింది తాము చనిపోబోతున్నామని తెలిసిన రోగులతో. ఆత్మీయులను పోగొట్టుకున్నవారికి అది ఆ తరువాత అంటుకుంది. ఎవరైనా ఈ ఐదింటినీ వరుసగా దాటి చివరి మెట్టు చేరతారనడానికి గట్టి ఆధారాలు లేవు. మూడో ఏడాదిలో ఒక్కసారిగా కోపం ముంచెత్తిన తండ్రి తాను వెనక్కి జారిపోయానని బెంగపడనక్కరలేదు. దుఃఖానికి అసలు అలాంటి మెట్లు లేవు.

వీటికి బదులుగా నేటి పరిశోధకులు ఎక్కువగా ఆధారపడే నమూనాను 1999లో నెదర్లాండ్స్‌కు చెందిన మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ ప్రతిపాదించారు. వారి లెక్కలో శోకించే మనిషి రెండు పనుల మధ్య అటూ ఇటూ ఊగుతూ ఉంటాడు. కాసేపు పోయిన బిడ్డ వైపు తిరుగుతాడు: తలచుకోవడం, ఏడవడం, ఫొటోలు చూడడం, చివరి రోజును మళ్లీ మళ్లీ నెమరువేసుకోవడం. కాసేపు మిగిలిన బతుకు వైపు తిరుగుతాడు: ఉద్యోగం, ఇంటి ఖర్చులు, మిగతా పిల్లల చదువు, నిన్నటిదాకా ఇద్దరు పిల్లల తండ్రిగా ఉన్నవాడు ఇప్పుడు ఎవరన్న ప్రశ్న. ఆరోగ్యకరమైన దుఃఖానికి ఈ ఊగిసలాటే గుర్తు. ఎప్పుడూ మొదటి వైపే ఉండిపోయినా మనిషి మునిగిపోతాడు, ఎప్పుడూ రెండో వైపే ఉండిపోయినా దుఃఖం తీరకుండా లోపలే పేరుకుంటుంది. ఆఫీసులో రెండు గంటలు బిడ్డ గుర్తుకు రాలేదని తెలిసి తండ్రి ఉలిక్కిపడతాడు, తానేదో ద్రోహం చేసినట్లు కుమిలిపోతాడు. ఈ నమూనా అర్థమైతే ఆ రెండు గంటలు ద్రోహం కావనీ, మనసు తీసుకున్న అవసరమైన విరామమనీ తెలుస్తుంది.

దాంపత్యంలో చిక్కు ఎక్కడ వస్తుందో కూడా ఈ నమూనాయే చూపిస్తుంది. భార్యాభర్తలు ఒకే సమయంలో ఒకే వైపు ఉండరు. ఆమె బిడ్డ బట్టలు దగ్గర పెట్టుకుని కూర్చున్న సాయంత్రం ఆయన కరెంటు బిల్లు గురించి మాట్లాడతాడు; ఆమెకు ఆయన రాతిమనిషిలా కనిపిస్తాడు. నాలుగు రోజుల తరువాత ఆమె పక్కింటివాళ్లతో మాట్లాడుతూ నవ్విన క్షణంలో ఆయనకు గుండె పిండినట్లవుతుంది, ఇంత త్వరగా ఎలా నవ్వగలుగుతోందని లోలోపల నిష్ఠూరపడతాడు. ఇద్దరిదీ ఒకే నష్టం, గడియారాలు మాత్రం వేరు. ఈ తేడాను ప్రేమ లేకపోవడంగా చదువుకున్నప్పుడే ఇల్లు చీలుతుంది. బిడ్డ పోతే పెళ్లి నిలవదన్న మాట లోకంలో బాగా ప్రచారంలో ఉంది గానీ, దానికి ఆధారం బలహీనం. బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రులకు తోడుగా 1969లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో మొదలై, తరువాత అమెరికాకూ విస్తరించిన కంపాషనేట్ ఫ్రెండ్స్ సంస్థ అమెరికాలో 1999లో జరిపించిన సర్వేలో, బిడ్డ మరణం నాటికి వివాహబంధంలో ఉన్నవారిలో 72 శాతం అదే భాగస్వామితో కొనసాగుతున్నారని, విడాకులు తీసుకున్నవారు 12 శాతమేనని తేలింది. అసలే కుమిలిపోతున్న దంపతులకు మీ కాపురం కూడా నిలవదని చెప్పడం అన్యాయం.

తండ్రి గురించి నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయం ఇక్కడే ఉంది. "ఆమె కోసం గుండె రాయి చేసుకున్నాను" అనే తండ్రులు ఎందరో. అది త్యాగమని అందరూ మెచ్చుకుంటారు, ఆయన కూడా అలాగే నమ్ముతాడు. నెదర్లాండ్స్‌లో బిడ్డను కోల్పోయిన 219 జంటలను మరణం తరువాత ఇరవై నెలల వరకు మూడుసార్లు పలకరించిన పరిశోధకులు, భాగస్వామి కోసం దుఃఖాన్ని దాచుకోవడం నిజంగా ఏం చేస్తుందో పరిశీలించి 2013లో ఫలితాలను ప్రచురించారు. అలా దాచుకున్నవారి దుఃఖం కాలక్రమంలో మరింత పెరిగింది. అంతకంటే ఆలోచించవలసిందేమిటంటే, ఎవరిని కాపాడాలని దాచుకున్నారో ఆ భాగస్వామి దుఃఖం కూడా పెరిగింది. ఇది తల్లులకూ తండ్రులకూ సమానంగానే వర్తించింది. అందుకు కారణం ఊహించడం కష్టం కాదు. దాచుకోవడానికి నిరంతరం శ్రమ పడాలి, ఆ శ్రమలో మనిషి అలసిపోతాడు, అలసిన మనిషి దూరంగా జరుగుతాడు, ఆ దూరాన్ని చూసిన భార్య ఈ దుఃఖంలో తాను ఒంటరినని అనుకుంటుంది. భార్య ముందు ఏడిస్తే ఆమె కుప్పకూలిపోతుందని భయపడే తండ్రి, తనతోపాటు ఇంకొకరు కూడా ఆ బిడ్డ కోసం ఏడుస్తున్నారని తెలుసుకోవడం ఆమెకు ఎంత ఆసరాయో ఆలోచించాలి.

అపరాధభావం తండ్రిని మరో దారిలో పట్టుకుంటుంది. కాపాడేవాడు తానేనని తండ్రి తన గురించి తాను అనుకుంటాడు, లోకమూ అలాగే అనుకుంటుంది. అందుకే బిడ్డ మరణం ఆయనకు నష్టంగానే కాక తన కర్తవ్యంలో ఓటమిగా కూడా తోస్తుంది. ఇందులో మూడు రకాల ఆలోచనలు కలగలిసి ఉంటాయి. బండి నేనే కొనిచ్చాను, ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లి ఉండాల్సింది అనే కారణాల వెతుకులాట ఒకటి. బతికుండగా ఎక్కువసేపు ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు, మార్కులు తగ్గినప్పుడు తిట్టాను అనే తండ్రిపాత్ర తాలూకు పశ్చాత్తాపం రెండోది. వాడికి బదులు నేను పోయి ఉండాల్సింది, తండ్రి ఉండగా కొడుకు పోవడమేమిటి అన్నది మూడోది, అన్నిటికంటే లోతైనది. మొదటి రకానికి ఒక మాట సాయపడవచ్చు. జరిగిన ఫలితం తెలిసిన తరువాత అది ముందే ఊహించదగినదేనని మనిషి మనసు నమ్ముతుందని 1975లో మనస్తత్వ పరిశోధకుడు బరూక్ ఫిష్‌హాఫ్ ప్రయోగాల ద్వారా చూపించారు. ఆ రోజు ఉదయం తండ్రి దగ్గర ఉన్న సమాచారం వేరు, ఈ రోజు ఉన్న సమాచారం వేరు. ఈ రోజు తెలిసినదానితో ఆ రోజు మనిషిని నిలదీయడం న్యాయం కాదు. ఈ తర్కం ఆయన దుఃఖాన్ని తీర్చదు, తనకు తాను వేసుకునే శిక్షను కొంత తగ్గించవచ్చు, అంతే. రెండో రకం పశ్చాత్తాపానికి తర్కంతో పనిలేదు. దాన్ని కొట్టిపారేయకుండా వినేవారు కావాలి. "అలా ఏమీ లేదు, నువ్వు మంచి తండ్రివి" అని మాట మధ్యలో తుంచేస్తే ఆయన చెప్పదలచుకున్నది మళ్లీ గొంతులోనే ఆగిపోతుంది.

కోపం గురించి మన పెద్దలకు బాగా తెలుసు. పద్మవ్యూహంలో అభిమన్యుడు కూలిన సాయంత్రం అర్జునుడు ఏం చేశాడో చూడండి. ప్రవేశించడమే నేర్పాను గానీ బయటపడడం నేర్పలేదని తన లోపాన్ని తలచుకున్నాడు, మీ ఆయుధాలు అలంకారానికేనా అని అన్నదమ్ములను నిలదీశాడు, మర్నాటి సూర్యాస్తమయంలోగా సైంధవుణ్ణి చంపుతానని, లేకుంటే అగ్నిలో ప్రవేశిస్తానని ప్రతిజ్ఞ పట్టాడు. ఒక్క రాత్రిలో ఆత్మనింద, నింద, పగ మూడూ వచ్చాయి. ఆ ప్రతిజ్ఞలో తన చావు కూడా ఉందన్న సంగతిని మనం వీరావేశంలో గమనించకుండా దాటేస్తాం. వైద్యుడి మీద, లారీ డ్రైవరు మీద, బడి యాజమాన్యం మీద కేసు పట్టుకుని ఏళ్లు తిరిగే తండ్రి న్యాయం కోసమే తిరుగుతున్నాడు, ఆ న్యాయం జరగవలసినదే. అయితే కేసు నడిచినన్నాళ్లూ బిడ్డ కోసం ఇంకా ఏదో చేస్తున్నానన్న నమ్మకం ఆయనను నిలబెడుతుంది. తీర్పు వచ్చిన మర్నాడు, అది అనుకూలమైనా సరే, శూన్యం మీదపడుతుంది. దగ్గరివాళ్లు ఆ రోజును ముందే గుర్తుపెట్టుకుని తోడుండాలి.

తండ్రి నోటితో చెప్పనిది ఒంట్లో బయటపడుతుంది: నిద్ర తెగిపోవడం, ఛాతీలో బరువు, ఆకలి మందగించడం, చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదవడం. ప్రమాదం ఇంతటితో ఆగకపోవచ్చు. డెన్మార్క్‌లో బిడ్డను కోల్పోయిన 21,062 మంది తల్లిదండ్రులను, అలాంటి నష్టం లేనివారితో పోల్చి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లుల్లో మరణాల ముప్పు మొత్తం మీద 43 శాతం ఎక్కువగా కనిపించింది. తండ్రుల్లో పెరుగుదల ప్రమాదాలు, ఆత్మహత్యలు వంటి అసహజ కారణాల వల్ల, అదీ తొలి కాలంలో కనిపించింది. అంటే చుట్టూ ఉన్నవాళ్లు తండ్రి బాగానే నిలదొక్కుకున్నాడని భావించే తొలి రోజుల్లోనే ఆయనను కనిపెట్టుకుని ఉండాలి. బండి వేగంగా నడపడం, ఒంటరిగా తాగడం, వస్తువులు పంచిపెట్టేయడం, వాడి దగ్గరికి వెళ్లిపోతే బాగుండునని మాటవరసకు అనడం వంటివాటిని తేలికగా తీసుకోకూడదు. చనిపోవాలని ఉందా అని సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగితే ఆయనకు చెప్పుకునే దారి దొరుకుతుంది, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లే అవకాశం మీకు దొరుకుతుంది.

కొన్ని నష్టాలను లోకం నష్టంగానే గుర్తించదు. కెన్నెత్ డోకా 1989లో ఇటువంటి గుర్తింపు లేని శోకం గురించి ప్రత్యేకంగా రాశారు. గర్భంలోనే పోయిన బిడ్డ, పుట్టిన గంటల్లో పోయిన బిడ్డ తండ్రి విషయంలో ఇది మరీ స్పష్టం. తల్లి శరీరం ఆ బిడ్డను మోసింది కాబట్టి ఆమె బాధ అందరికీ అర్థమవుతుంది. తండ్రి చేతుల్లో ఉన్నది స్కాన్ కాగితం, అనుకున్న పేరు, మనసులో కట్టుకున్న భవిష్యత్తు. చూపించడానికి జ్ఞాపకాలు కూడా లేని దుఃఖం అది. "మళ్లీ పుడతారులే" అన్న మాట ఆయనకు ఓదార్పు కాదు, ఎందుకంటే మళ్లీ పుట్టేది మరో బిడ్డ. పెళ్లయిన కొడుకునో కూతురినో పోగొట్టుకున్న వృద్ధ తండ్రి పరిస్థితీ ఇలాంటిదే. పరామర్శలన్నీ కోడలికీ మనవలకీ వెళ్తాయి. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి, పద్దెనిమిదేళ్ల లోపు బిడ్డను కోల్పోయినా, 24 వారాల గర్భం తరువాత మృతశిశువు పుట్టినా, ఉద్యోగులైన తల్లిదండ్రులిద్దరికీ రెండు వారాల సెలవు చట్టబద్ధమైన హక్కు అయింది. రెండు వారాలు ఎంతమాత్రం చాలవు, కానీ తండ్రి కూడా శోకించే మనిషేనని చట్టం పేరు పెట్టి చెప్పడం చిన్న విషయం కాదు.

మామూలు శోకం ఎక్కడ ముగిసి వైద్యసహాయం అవసరమైన శోకం ఎక్కడ మొదలవుతుందన్నది సున్నితమైన ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ పదకొండో కూర్పు, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చినది, దీర్ఘకాలిక శోక రుగ్మతను గుర్తించడానికి కనీసం ఆరు నెలల గడువు పెట్టింది. అదే ఏడాది అమెరికా మనోవైద్యుల సంఘమైన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగనిర్ధారణ గ్రంథంలో పెద్దలకు పన్నెండు నెలలు పెట్టింది. బిడ్డను కోల్పోయిన వారికి ఏడాది అనేది ఎంత చిన్న కాలమో ఆ తల్లిదండ్రులకే తెలుసు, కాబట్టి గడువు ఒక్కటే చూడకూడదు. దాదాపు ప్రతి రోజూ తీవ్రమైన తపన, తనలో ఒక భాగం చచ్చిపోయిందన్న భావన, మరణాన్ని నమ్మలేకపోవడం, మనుషులకు దూరమవడం, బతుకు అర్థరహితంగా తోచడం వంటివి తగ్గకుండా సాగుతూ రోజువారీ జీవితాన్ని నిలిపేస్తేనే దాన్ని రుగ్మత అంటారు. అమెరికా మనోవైద్యురాలు కేథరిన్ షియర్ రూపొందించిన పదహారు విడతల చికిత్స ఇలాంటివారికి ఉపయోగపడుతుందని 2005లో వచ్చిన అధ్యయనం చూపింది. కుంగుబాటు మందుల వల్ల శోకంలో అదనపు ప్రయోజనం కనిపించలేదని, అయితే ఈ చికిత్సతో కలిపి ఇచ్చినప్పుడు కుంగుబాటు లక్షణాలు తగ్గాయని 2016లో ఆమె బృందమే తెలిపింది. అందువల్ల నిద్రమాత్రో మరో మాత్రో రాయించుకుని సరిపెట్టుకోకుండా, శోకం గురించి తెలిసిన సలహాదారును వెతుక్కోవడం మేలు. ముఖాముఖి కూర్చుని మాట్లాడడం కష్టమైన తండ్రులు పక్కపక్కన నడుస్తూనో, బండిలో వెళ్తూనో, ఏదైనా పని చేస్తూనో సులువుగా నోరు విప్పుతారు. ఇది సలహాదారులకూ స్నేహితులకూ కూడా పనికొచ్చే సంగతి.

మిగిలిన పిల్లల దగ్గర తండ్రి రెండు కొసల మధ్య నలుగుతాడు: గుమ్మం దాటనివ్వనంత భయం ఒకవైపు, మళ్లీ ఇంత ప్రేమ పెంచుకోకూడదన్న దూరం మరోవైపు. పిల్లలు రెండింటినీ పసిగడతారు. నాన్న ఎందుకు మౌనంగా ఉన్నాడో చెప్పకపోతే ఆ మౌనానికి కారణం తామేనని వాళ్లు అనుకునే ప్రమాదం ఉంది. "నాకు అన్నయ్య గుర్తొచ్చాడు, అందుకే ఇలా ఉన్నాను, నీ మీద కోపం లేదు" అన్న ఒక్క వాక్యం వాళ్లకు చాలా పెద్ద భారం దించుతుంది. కొత్తవాళ్లు మీకు ఎంతమంది పిల్లలని అడిగినప్పుడు ఏం చెప్పాలన్నది తండ్రిని ఏళ్ల తరబడి వెంటాడే ప్రశ్న. దానికి సరైన జవాబంటూ ఒకటి లేదు. ఒక రోజు ఇద్దరని చెప్పి, మరో రోజు మాట పెరగడం ఇష్టంలేక ఒక్కరే అంటే అది బిడ్డను కాదనడం కాదు.

1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే పరిశోధకులు పోయినవారితో బంధం తెగనక్కరలేదన్న వాదనను బలంగా ముందుకు తెచ్చారు. క్లాస్ ఏళ్ల తరబడి బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రుల బృందాలతోనే కలిసి పనిచేశారు. ఆ దృష్టితో చూస్తే దుఃఖానికి కొలమానం మరచిపోయామా లేదా అన్నది కాదు. బిడ్డ ఇప్పుడు మన జీవితంలో ఏ రూపంలో ఉన్నాడన్నది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో దశాబ్దాలుగా సాగుతున్న ఒక అధ్యయనాన్ని ఆధారం చేసుకుని 2008లో వచ్చిన వ్యాసం, బిడ్డ మరణించి సగటున పద్దెనిమిదేళ్లు గడిచిన తల్లిదండ్రుల్లో కూడా కుంగుబాటు లక్షణాలు, ఆరోగ్య సమస్యలు మిగతావారికంటే ఎక్కువగా ఉన్నాయని తెలిపింది. కోలుకున్నవారి విషయంలో ఎంత కాలం గడిచిందన్నది గానీ మరణకారణం గానీ నిర్ణాయకం కాలేదు. జీవితానికి ఒక ప్రయోజనం ఉందన్న భావన, ఇతర సంతానం ఉండడం వంటివి తోడ్పడ్డాయి. కాలమే మాన్పుతుందని చెప్పి పక్కకు తప్పుకునేవారు ఈ ఫలితాన్ని గమనించాలి.

పద్దెనిమిదేళ్లంటే బిడ్డ తోటివాళ్లు చదువులు ముగించి, ఉద్యోగాల్లో చేరి, పెళ్లిళ్లు చేసుకునే కాలం. ఒక శుభలేఖ ఇంటికి వచ్చిన రోజున తండ్రి భోజనం మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు. ఇరవై ఏళ్లుగా పనిలో దాచుకున్నదంతా ఉద్యోగ విరమణ తరువాత, పని లేని మొదటి ఉదయాల్లో, ఇంట్లోవాళ్లకు అర్థం కాని చికాకుగా బయటికి రావచ్చు. అప్పుడు ఆయన కొత్తగా జబ్బుపడ్డాడని గాని, ముసలితనపు చాదస్తమని గాని అనుకునే ముందు బిడ్డ పేరు ఎత్తి, ఈ మధ్య గుర్తొస్తున్నాడా అని అడిగి, ఆయన చెప్పడం మొదలుపెడితే మాట మార్చకుండా వినండి.